బెజవాడ ఆటోనగర దర్శనము

బెజవాడకు వచ్చు సోదరీమణులు ఇంద్రకీలాద్రి నెక్కి కనకదుర్గాదేవిని సేవింతురు. కృష్ణాస్నానము చేసి, 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజి మీదుగా ఆవలి యొడ్డునకు బోయి, ఉండవల్లి గుహలో పవళించియున్న అనంతపద్మనాభస్వామిని జూతురు. తీరిక చిక్కినచో బీసెంటు రోడ్డులో రెండు చీరలు బేరమాడి యింటిదారి పట్టుదురు. పట్టణమునకు తూర్పున, బందరు రోడ్డు నానుకొని, ఇంకొక నగరము కలదనియు, అదియు జూడదగినదే యనియు వారికి జెప్పువారు లేరు. ఇనుమును నూనెయు పొగయు నిండినచోట ఆడువారికేమి పని యని కాబోలు. మేము గడచిన మాఘమాసమున ఒక పగలెల్ల అచటనే గడపితిమి. ఆ నగరమును గూర్చియు, మమ్మచటికి గొనిపోయిన ఖర్చును గూర్చియు కొంచెము విన్నవింపదలచితిమి.

మోటారుకారునకు స్టార్టరను నొక యంత్రము కలదు. తాళము త్రిప్పినపుడు ఇంజనును నిద్రలేపునది యదియే. మా కారునకు అది చెడినది. ఆ కారు మేము వేడుకకై కొన్నది కాదు. మా అత్తగారికి మధుమేహమువలన కంటి వెనుకటి పొర చెడగా, నెలకొకమారు బెజవాడలో కంటిలోనికి సూదిమందు వేయింపవలసి వచ్చెను. ఆలస్యమైనచో ఉన్న చూపును తగ్గునని వైద్యులు నిష్కర్షగా జెప్పియున్నారు. బస్సు మెట్లెక్కుటకు ఆమె మోకాళ్ళొప్పుకొనవు. మాసమాసమును అద్దెకారు పిలుచుటకంటె మేలని అయిదేండ్ల క్రిందట ఒకరు వాడి విడిచిన చిన్న ఆల్టో కారును కొంటిమి. ఆ నెలలో గురువారమునాడు సూదిమందు వేయింపవలసియుండగా సోమవారమునాడు కారు మొరాయించినది. తాళము త్రిప్పగా 'టక్కు'మని ఒక్క చప్పుడై యూరకుండెను. మా వారి శిష్యులు నలుగురు వచ్చి వెనుకనుండి త్రోయగా, రెండవ గేరులో బడి యింజను పలికినది. పంతులుగారి కారు త్రోయు భాగ్యము లభించినందులకు వారు మిక్కిలి సంతసించిరి గాని, కంటికి కట్టుతోనున్న ముదుసలిని లోపల కూర్చుండబెట్టి ఆస్పత్రి వాకిట నెవరిచే త్రోయింతుము?

మా పట్టణములోని యొక పెద్ద మరమ్మతుశాలకు గొనిపోయితిమి. చల్లని గదిలో కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చిరి. అచటి యువకుడు బానెట్టు తెరచి అరనిమిషము జూచి, కంప్యూటరు మీటలు నొక్కి యొక కాగితమందిచ్చెను. స్టార్టరును మొత్తముగా మార్చవలెను. దాని వెల 6,800 రూపాయలు, కూలి 800, ఆ రెంటిమీద నూటికి 18 వంతున పన్ను 1,368, వెరసి 8,968 రూపాయలు. పన్నును గూర్చి మేము వారిని దప్పుపట్టము. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి మోటారు భాగములన్నింటికిని జి.ఎస్.టి. నూటికి 18గా నొక్కటే చేసియున్నారు. అయితే సరకు నాలుగు దినములకుగాని రాదట. నాలుగు దినములనగా శుక్రవారము. లోపల నేమి చెడినదో విప్పి చూచితిరా యని మేమడుగగా, "విప్పడం మా దగ్గర ఉండదండీ, అసెంబ్లీ మార్చడమే," అని యతడు మర్యాదగనే చెప్పెను. వైద్యుడు నాడి చూడకయే కాలు తీసివేయుదునన్నట్లు తోచినది. తొమ్మిదివేలనగా మా యింట నెల వెచ్చములకు సరిపోవును.

ఆ సాయంకాలము మా వీధిలోని లారీ యజమాని యొకరు ఈ సంగతి విని, "సెల్ఫుకి తొమ్మిదివేలేంటి మేష్టారూ! పొద్దున్నే ఆటోనగర్ పొండి. ఇంజను మాత్రం దారిలో ఆపకండి," అని చెప్పిరి. పెట్రోలు పోయునపుడు ఇంజను నాపవలయును గనుక, ఆ రాత్రియే యింటిదగ్గరి బంకులో పోయించి, మరల నొకమారు శిష్యులకు పని కల్పించితిమి. మంగళవారము తెల్లవారకముందే బయలుదేరి, ఉయ్యూరు, కంకిపాడు, పోరంకి, కానూరు దాటి, చెరకు ట్రాక్టర్ల వెనుక మెల్లగా బోవుచు, ఎనిమిదిగంటల వేళకు ఆటోనగరు గేటు జేరితిమి. దారిలో కాఫీకైనను దిగలేదు.

ఈ నగరము పురాతనమైనది కాదు. 1966లో స్థాపింపబడి జవహరు ఆటోనగరమని పేరు గాంచినది. అంతకుముందు పట్టణములోని వీధులవెంబడి చెదరియుండిన మోటారు పనివారిని ఒక్కచోటికి జేర్చుటయే దీని యుద్దేశము. నేడిది ఆసియాఖండములోని పెద్ద మోటారు పేటలలో నొకటిగా జెప్పబడుచున్నది. ప్రబంధములలోని పురవర్ణనలు చదివిన సోదరీమణులకు ఇచటి వీధుల తీరు క్రొత్తగా నుండదు. ఏనుగులకు బదులు లారీలు, రథములకు బదులు బస్సులు, తక్కినదెల్ల నట్లే. ఒక వీధియెల్ల లారీలకు కొయ్యపెట్టెలు గట్టు వడ్రంగులు. వేరొక వీధియెల్ల కమాను పట్టీలు కాల్చి వంచు కమ్మరులు. ఒకచోట రేడియేటర్లు మాత్రమే. ఒకచోట సీట్లకు తొడుగులు కుట్టువారు. ఒకచోట పాత చక్రములు గోపురమువలె పేర్చియుండును. మనకు వేలెడంత మరమేకు కావలెనన్నను, అది మాత్రమే యమ్ము అంగడి యొకటి యుండును.

రంగులువేయువారి వీధిలో మేము కొంతతడవు నిలిచిపోతిమి. నూనూగు మీసముల పిల్లవాడొకడు లారీ వెనుక పలకమీద తామరపూవును వ్రాయుచుండెను. ముందుగా గీతలు గీయలేదు, కొలత పెట్టలేదు. మన ముంగిటి ముగ్గువలెనే రెక్కపై రెక్క చేతిలోనుండి దిగుచుండెను. ఆ లారీ సిమెంటు మోయును, ఇసుక మోయును, బురదలో దిగబడును. అయినను దాని వీపున తామరపూవుండవలసినదే. ఇంటిపని యెంత మొరటైనను వాకిట ముగ్గు మానని జాతి మనది గదా.

సెల్ఫులు బాగుచేయువారి వరుస దొరకుటకు మరియొక అరగంట పట్టినది. ఇచట ఎవరును స్టార్టరనరు. సెల్ఫుస్టార్టరను పేరులో వెనుకమాట రాలిపోయి సెల్ఫు మిగిలినది; "సెల్ఫు కొట్టు", "సెల్ఫు పట్టలేదు" అనుటయే వాడుక. అందు ముందుకు సాగి ఇంజను చక్రపు పండ్లను బట్టుకొను చిన్న చక్రమును బెండిక్సు అందురు. అది విన్సెంటు బెండిక్సను అమెరికావాని యింటిపేరు. ఆయన కల్పించిన యమరికకును నేటి కార్లలోని యమరికకును చాల భేదమున్నను, పేరు మాత్రము బెజవాడ రేకుల షెడ్డులలో పదిలముగా నున్నది. కార్బను బ్రష్షులను కార్బన్లందురు. ఈ మాటలు తెలిసియుండుట ప్రయోజనకరము. అంగడిలో మాట తెలిసినవారికి ఒక వెల, తెలియనివారికి ఒక వెల.

మేము ప్రవేశించిన షెడ్డు మేస్త్రి అరువదియేండ్ల సాయిబుగారు. ముక్కుమీదికి జారిన కళ్ళజోడు, మోచేతులదాక నల్లని నూనె. "ఏమ్మా, సెల్ఫు పట్టట్లేదా? ఇంజను ఆపి ఒక్కసారి కొట్టండి మేష్టారూ," అనెను. మా వారు సంకోచించుచునే యాపి తాళము త్రిప్పిరి. 'టక్కు' మనెను. మేస్త్రి లైట్లు వేయమనెను. వేసి మరల త్రిప్పుమనెను. లైట్లు మసకబారక అట్లే వెలుగుచుండెను. "లైట్లు పడిపోతే బ్యాటరీ. టకటకా కొట్టుకున్నా బ్యాటరీయే. లైటు నిలబడి ఒకే టక్కు అంటే సెల్ఫు," అని యాయన చెప్పిన మాట సోదరీమణులు జ్ఞాపకముంచుకొనదగినది. పిమ్మట బ్యాటరీకి మీటరు పెట్టి చూచెను; 12.6 వోల్టులు, లోపములేదు. దాని కొసలకు బట్టిన తెల్లని పొడిని వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగించి, గట్టిగా బిగించి మరల త్రిప్పించెను. ఆ పొడి యడ్డుపడుటచేతనే కారు లేవక, మంచి స్టార్టరును మార్పించుకొని పోవువారు పెక్కుమంది కలరట. మా కారు అప్పటికిని లేవలేదు. అప్పుడాయన క్రిందికి దూరి, పానా పిడితో స్టార్టరును మెల్లగా రెండుమారులు తట్టి, "ఇప్పుడు కొట్టండి," అనగా ఇంజను గ్రక్కున లేచినది. "తడితే లేచిందంటే కార్బన్లు అరిగినట్టేనమ్మా. విప్పి చూద్దాం."

అరణ్యపర్వములో నలోపాఖ్యానము చదువునప్పుడు, రథపు చప్పుడు విని దమయంతి తన భర్తను గుర్తించెనన్న ఘట్టమున మేము ఆశ్చర్యపడుచుండెడివారము. ఇచట ఆ విద్య యొక్కనికి గాదు, వీధికంతకును వచ్చును. మాతో మాటలాడుచునే మేస్త్రి యెదుటి షెడ్డులో లేచిన ఇంజను చప్పుడు విని, "దానికి బెండిక్సు పోయింది, పళ్ళు జారుతోంది," అనెను. పావుగంటకు ఎదుటివారు ఆ భాగమును చేతబట్టుకొనియే వచ్చిరి.

స్టార్టరు చేయు పనిని గూర్చి మేము గ్రహించినంత చెప్పెదము. పెట్రోలు ఇంజను ఒకమారు తిరుగ మొదలిడినచో తన బలముతో తానే తిరుగును. కాని ఆ మొదటి చుట్టు తనంతట తిరుగలేదు. సముద్రమును దాటగల బలముండియు హనుమంతుడు ఒడ్డున మిన్నకుండలేదా? జాంబవంతుడు వచ్చి లేపవలసినదే. ఈ జాంబవంతుడు మూరెడు పొడవైనను లేని విద్యుద్యంత్రము. బ్యాటరీనుండి ఒక్కసారిగా నూరు ఆంపియర్లకు మించి లాగును. పండ్రెండు వోల్టులకు నూరు ఆంపియర్లనగా 1,200 వాట్లు. మన యిస్త్రీపెట్టె వాడునంత శక్తి యన్నమాట. దాని చిన్న చక్రము పదిచుట్లకు పైగా తిరిగినగాని ఇంజను ఒకచుట్టు తిరుగదు. ఇంజను లేవగానే ఆ చక్రము వెనుకకు జరిగి తప్పుకొనవలెను. ఇంత బలముతో పనిచేయునది గావుననే ఎక్కువసేపు పనిచేయలేదు. తాళమును అయిదారు క్షణములకు మించి త్రిప్పిపట్టరాదనియు, లేవనిచో అరనిమిషము ఆగి మరల త్రిప్పవలెననియు, ఆగకుండ పదేపదే త్రిప్పువారే తనకు అన్నము పెట్టుచున్నారనియు మేస్త్రి నవ్వుచు జెప్పెను.

ఈ యంత్రము లేనినాడు ఇంజనుకు ముందువైపున ఇనుపకడ్డీ గుచ్చి చేతులతో త్రిప్పెడివారు. మన పెద్దలకు లారీ హాండిలు దెబ్బలు తెలియును. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విరిగెడిది. అందుచేతనే అమెరికాలో మొదటి దినములలో స్త్రీలు పెట్రోలు కార్లకంటె బ్యాటరీ కార్లనే మెచ్చిరి. వానికి కడ్డీ త్రిప్పు పనిలేదు. చార్లెసు కెట్టరింగను నతడు అంతకుముందు అంగళ్ళలోని డబ్బుపెట్టెకు చిన్న విద్యుద్యంత్రమును అమర్చియుండెను. పెట్టె తెరచుటకు క్షణకాలము బలము చూపిన చాలును, దినమంతయు తిరుగ నక్కరలేదు. ఆ యూహతోనే 1911లో కారునకు స్టార్టరును సిద్ధపరచెను. 1912 సంవత్సరపు క్యాడిలాకు కార్లలో అది వెలసినది. ఆ పిమ్మట స్త్రీలు ఒకరి సాయము లేకయే పెట్రోలు కారును లేపి నడుపుకొనగలిగిరి. బ్యాటరీ కార్లు వెనుకబడిపోయెను. నేడు బ్యాటరీ కార్లే మరల వచ్చుచున్నవి. వానిలో స్టార్టరే యుండదు గనుక సాయిబుగారి మనుమల కాలమునకు ఈ వీధిలో నేమి యమ్ముదురో!

అంతకుముందే 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజి యను నిల్లాలు, భర్త చేసిన మూడుచక్రముల మోటారుబండిని ఆయనకు జెప్పకయే తీసి, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైములోని పుట్టినింటికి నూరు కిలోమీటర్లకు పైగా పోయినది. దారిలో చమురుగొట్టము పూడుకొనగా టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసికొన్నదట. ఆ బండికి స్టార్టరు లేదు. వెనుకనున్న పెద్ద చక్రమును చేతితో త్రిప్పి లేపవలెను. బెజవాడలో బెంజి సర్కిలు మీదుగా బోవు సోదరీమణులకు ఆ పేరు విన్నపుడైనను ఆ యిల్లాలు తలపునకు రావచ్చును. పుట్టింటికి బోవు నాడుదానికి యంత్రము లెక్కా!

ఇక మా కారు మాట. బ్యాటరీ తీగ నూడదీసి, స్టార్టరును విప్పి బల్లమీద బెట్టుటకు ఇరువది నిమిషములు పట్టెను. మూత తీయగా నల్లని పొడి రాలెను. ఆ పొడియే అరిగిన కార్బను. రాగిపట్టెలమీద ఆనుకొనియుండవలసిన బ్రష్షులు చిటికెనవ్రేలి గోరంత మిగిలి, పట్టెలకు అందియు నందకయు నుండెను. తట్టినపుడు కదలి తగులును, లేనిచో తగులవు. వానిని మార్చుట స్వల్పమైన పని. "కానీ అమ్మా, ఆర్మేచరు చూడాలి. అది పోతే మాత్రం పాతదాని మీద డబ్బు పెట్టొద్దు," అని మేస్త్రి పరిష్కారముగా జెప్పెను.

ఆర్మేచరనగా రాగితీగలు చుట్టిన నడిమి కడ్డీ. దానిని పరీక్షించుటకు గ్రౌలరను నొక విద్యుదయస్కాంతమున్నది. కడ్డీని దానిపై బెట్టి, పైన పలుచని రంపపురేకును ఆనీ యానకుండ పట్టుకొని మెల్లగా త్రిప్పుచుందురు. లోపలి తీగలు కాలి యొకదానికొకటి అంటుకొనియున్నచోట రేకు తుమ్మెదవలె 'జుమ్ము'మని యదరును. అదరినచో క్రొత్తది కొనవలెను. మేస్త్రి ఒక్కొక్క గాడిమీదుగా రేకును జరుపుచుండగా మేమూపిరి బిగబట్టి చూచితిమి. గురువారము, సూదిమందు, తొమ్మిదివేల రూపాయలు, అన్నియు ఆ రేకు కొసను వ్రేలాడుచున్నట్లుండెను. ఒకచుట్టు తిరిగెను. రేకు పలుకలేదు. అనుమానము తీరుటకై మరల నొకచుట్టు త్రిప్పెను, పలుకలేదు. "బంగారంలా ఉందమ్మా," అనెను.

ఆయన మూడు మార్గములు చెప్పెను. ప్రక్క అంగడిలో క్రొత్తది, కారు తయారుచేసినవారి పెట్టెలో గాక వేరొక కంపెనీది, 3,600 రూపాయలకు దొరకును. ఇతరులు బాగుచేసియుంచినది, మన పాతదాని నిచ్చి మార్చుకొన్నచో 2,300. ఉన్నదానినే బాగుచేయించినచో 1,700. మా వారు వెల విచారించుటకై అంగడికి బోయిరి. అచటి వర్తకుడు 2,000 రూపాయలకే క్రొత్తది చూపెనట. పెట్టెమీద పేరు ప్రసిద్ధమైనదే గాని అందులో ఒక్క యక్షరము తేడా. మా వారికి ముప్పదిమంది పిల్లల వ్రాతపుస్తకములు దిద్దు అలవాటు గనుక ఆ యక్షరము కంట బడినది. స్టార్టర్లు చేయు పెద్ద కర్మాగారములు మన దక్షిణదేశమునను కలవు. చెన్నపట్టణమున లూకాసు టి.వి.ఎస్. వారు 1961లో స్థాపించినది వానిలో నొకటి. మంచిపేరున్నచోట దొంగపేరును పుట్టుట సహజమే.

మేము బాగుచేయించుటకే నిశ్చయించితిమి. అది చౌక యనుటవలన మాత్రమే కాదు. మా యంత్రములోని రాగి, ఇనుము, తీగలు నిక్షేపముగా నున్నవని మా కన్నులతో చూచితిమి; ఇతరులు బాగుచేసినదాని కడుపులో నేమున్నదో మాకు దెలియదు. కార్బన్లకు 250, రెండు బుష్షులకు 150, కాలిన సోలనాయిడు స్విచ్చు మార్చుటకు 650, రాగిపట్టెలను లేతుమీద సాపుచేయుటకు 150, విప్పి బిగించిన కూలి 500. వెరసి 1,700 రూపాయలు. పెద్దశాలవారు చెప్పినదానికి దీనికిని భేదము 7,268. ఈ లెక్క మా చిన్న కారునకు మాత్రమే. పెద్ద డీసిలు బండ్ల స్టార్టర్లు ఇంతకు పెక్కురెట్లు వెల చేయును. కొన్ని కార్లలో అది ఇంజను వెనుక మూలనుండుటచే, విప్పుటకే ఎక్కువ కూలి యగును. మా కారులో చేతికందుచోట నున్నది, అదియు నదృష్టమే.

కూలి మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదము. డాలసు నగరముననున్న మా పినతండ్రిగారి కుమార్తె తన కారునకు స్టార్టరు మార్పించినపుడు 640 డాలర్లు ఇచ్చుకొన్నదట. అందు సగమునకు పైగా కూలియే. అచట గంటకింతయని చేతికి వెల కట్టుదురు. విప్పి బ్రష్షులు మార్చుచు కూర్చుండు తీరిక యెవరికిని లేదు, పాతది పారవేసి క్రొత్తది బిగించుటయే వారికి చౌక. ఇచట చేతిపని చౌక గనుక వస్తువు బ్రతుకుచున్నది. మా కది లాభమే. కాని గంటన్నరసేపు బల్లక్రిందికి వంగి ఇంతపని చేసిన ఆ చేతులకు 500 రూపాయలు చాలునా యని మాకు తోచకపోలేదు. మేము బేరమాడలేదు. చీరల అంగడిలో బేరమాడుటకు మాకు మొగమాటము లేదు గాని, ఇచట నోరు రాలేదు.

లేతుకు బోయిన ఆర్మేచరు తిరిగివచ్చువరకు మమ్ము లోపల నీడలో కూర్చుండబెట్టిరి. అచట మేస్త్రి కోడలు, ఇరువదియెనిమిదేండ్లది, చెక్క యచ్చుమీద రాగితీగను చుట్టుచుండెను. లారీల జనరేటర్లలోని కాయిలులట. భర్త కువైటులో డ్రైవరు. ఇంటరుదాక చదివినదట. మొదట లెక్కలు వ్రాయుటకు షెడ్డుకు వచ్చి, మామగారి చేతులు వణకుట జూచి చుట్టుట నేర్చుకొన్నది. మాతో పిల్లల బడిని గూర్చియు, బియ్యపు ధరను గూర్చియు మాటలాడుచునే యున్నది గాని, చుట్ల లెక్క తప్పలేదు. మాటకును మాటకును నడుమ పెదవులు కదలుచుండెను. లలితాసహస్రము చదువుచు కూర తరుగు మా యింటి పెద్దలు జ్ఞప్తికి వచ్చిరి. "మగాళ్ళ చోటు కదా, ఇబ్బంది లేదా అమ్మా?" యని యడుగగా, "మొదట్లో చూసేవాళ్ళండీ. ఇప్పుడు కాయిలు మాడితే నా కోసమే వస్తారు," అనెను. ఆమె చుట్టిన కాయిలులపై చిన్న పచ్చదారపు ముడి వేయును; తిరిగి వచ్చినచో ఎవరి పనియో తెలియుటకట. ఇంతవరకు ఎన్ని తిరిగి వచ్చినవని మేమడుగలేదు, ఆమెయే రెండని చెప్పినది.

మధ్యాహ్నము రెండుగంటలకు స్టార్టరు మరల బిగింపబడెను. బిగింపకముందు బల్లమీదనే బ్యాటరీ తీగలు తగిలించి త్రిప్పి చూపిరి. ఇట్లు చూపుమని యడుగుట మంచిది. మూడునెలలకు పూచీ యని తేదీతో చీటి వ్రాసి యిచ్చిరి. మార్చిన పాతభాగములను మన చేతికిమ్మని కూడ అడుగవలెను; మార్చినారో లేదో యన్న సంశయము దానితో తీరును. గేర్లు తమంతట మారు కార్లను త్రోసి లేపుటకు వీలుకాదనియు, అట్టివి గలవారు స్టార్టరు మొదటిమారు బద్ధకించినపుడే చూపించుకొనవలెననియు మేస్త్రి చెప్పెను. ఆయన చేతినుండి తాళము తీసికొని ఈమారు మేమే త్రిప్పితిమి. ఇంజను వెంటనే పలికినది. ఆపి మరల త్రిప్పితిమి. అట్లు మూడుమారులు చేయగా, "చాలమ్మా, కొత్త కార్బన్లు కూడా అరుగుతాయి," అని కోడలు నవ్వినది.

గురువారము ఆరుగంటలకు బయలుదేరి తొమ్మిదికి ముందే ఆస్పత్రి జేరితిమి. సూదిమందు సకాలమున పడినది. తిరుగుదారిలో అత్తగారు పాత కార్బన్లను చూపుమనిరి. కంటికి కట్టుండెను గనుక కాగితపు పొట్లమును అరచేతిలో విప్పి పెట్టితిమి. ఆమె వానిని వ్రేళ్ళతో తడిమి, బొటనవ్రేలితో కొలిచి, "ఇంతేనటే? దీనికేనా నాలుగు రోజులు అన్నం సయించనట్టు తిరిగారు?" అని, ఆ నల్లని ముక్కలను కొంగున ముడివేసికొనిరి. ఎందుకని యడుగగా, మనుమరాలు పలకమీద వ్రాసికొనునేమో యనిరి.